వెనక సీటుకు చోటివ్వండి

సోదరికి నమస్కారం.

మీరు పంపిన యాత్రా రచన శ్రద్ధగా చదివాను. అమెరికాలో మీరుండే ఫ్రీమాంట్ నుంచి బయలుదేరి నెవాడా, యూటా, వయోమింగ్, అరిజోనా రాష్ట్రాలను కారులో చుట్టివచ్చి, ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదుకు శాశ్వతంగా వచ్చేసిన వైనం అందులో ఉంది. మొహమాటం లేకుండా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే చూసిన చోట్లన్నీ వరుసగా వచ్చాయి గాని, ఆ ప్రయాణం ఎందుకు చేశారన్న సంగతి మొదటి పేరాలో ఒకసారి, చివరి పేరాలో ఒకసారి తప్ప మరెక్కడా కనిపించలేదు. సెలవులు గడిపి మళ్ళీ అదే ఇంటికి చేరుకునే కుటుంబం యెల్లోస్టోన్ చూడడం వేరు, ఇల్లు ఖాళీ చేసే తేదీ ఖాయమైపోయిన కుటుంబం చూడడం వేరు. ఈ రెండో చూపు రచన పొడుగునా ఉండాలని నా కోరిక. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా దానికోసమే.

ముందు అంకెల సంగతి. గ్రాండ్ కాన్యన్ పొడవు 277 మైళ్ళనీ, లోతు సుమారు ఒక మైలనీ, యెల్లోస్టోన్ 1872లో ఏర్పడిన ప్రపంచపు తొలి నేషనల్ పార్క్ అనీ రాశారు. అవన్నీ నిజాలే, కాని ఫోన్ చేతిలో ఉన్న ఏ పాఠకుడైనా వాటిని క్షణంలో తెలుసుకోగలడు. అంకెలు వద్దని నేననను. మీ కథలో ఏదో ఒక పని చేసే అంకెను మాత్రం ఉంచండి. యెల్లోస్టోన్‌లోని వేడినీటి బుగ్గ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర నీరు మళ్ళీ ఎప్పుడు పైకి చిమ్ముతుందో, పది నిమిషాలు అటూ ఇటూగా, అంచనా వేసి అక్కడివాళ్ళు సమయం ప్రకటిస్తారు. మీ అమ్మాయి ఆ సమయం చదివి, మనం ఇండియా వెళ్ళిపోయాక కూడా ఇది ఇలాగే టైముకు వస్తుందా అని అడిగిందట. మీరు ఆ మాటను అరవాక్యంలో దాటేసి, నీళ్ళు ఎన్ని అడుగుల ఎత్తు లేస్తాయో చెప్పడానికి వెళ్ళిపోయారు. ఆ ఎత్తు తీసివేయండి. బెంచీల మీద కూర్చుని ఎదురుచూసిన సేపు, ఆ పిల్ల అడిగిన తీరు, దానికి మీ ఆయన ఇచ్చిన జవాబు, జవాబు లేకపోతే ఆయన మౌనం, ఇవి రాయండి.

అసలు మీ రచనకు ప్రాణం ఆ వెనక సీటులోనే ఉంది. మీకూ మీ ఆయనకూ ఇది సొంత ఊరికి తిరిగి రావడం. మీ పిల్లలిద్దరికీ పుట్టిపెరిగిన ఊరు వదిలిపోవడం. ఒకే కారులో రెండు ఎదురెదురు ప్రయాణాలు సాగుతున్నాయి, మీరు వాటిలో ఒక్కదాన్నే రాశారు. "పిల్లలు జూనియర్ రేంజర్లయ్యారు, ఎంతో సంతోషించారు" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ కార్యక్రమం ఎలా జరుగుతుందో మీకు తెలుసు: పిల్లలు పార్కు ఇచ్చిన చిన్న పుస్తకం నింపి తెస్తారు, రేంజరు దాన్ని చూసి ప్రశ్నలు వేస్తాడు, ఆ తరువాత పిల్లలు కుడిచెయ్యి పైకెత్తి, ఈ చోటును కాపాడతామని అతను చెప్పిన మాటలు తిరిగి పలుకుతారు, అప్పుడు బ్యాడ్జి చేతికి వస్తుంది. కొన్ని వారాల్లో ఆ దేశం విడిచిపోతానని తెలిసిన కుర్రవాడు ఆ గడ్డను కాపాడతానని మాట ఇస్తున్నాడు. ఆ నిమిషం వాడి ముఖం ఎలా ఉంది? వాడు మీవైపు చూశాడా? పుస్తకంలో ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాడు? మీకు గుర్తు లేకపోతే వాడినే అడగండి. వాడు చెప్పేది మీ జ్ఞాపకంతో సరిపోలకపోతే రెండూ రాయండి, సరిపెట్టే ప్రయత్నం చేయవద్దు. ఇంకొక మాట, మీ రచనలో పిల్లలు పాఠ్యపుస్తకాల తెలుగు మాట్లాడుతున్నారు. అక్కడ పెరిగిన పిల్లలు అలా మాట్లాడరు. వాళ్ళు సగం ఇంగ్లీషులో అన్న మాటను అన్నట్టుగానే తెలుగు లిపిలో ఉంచండి, మన పాఠకులకు అది హాయిగా అర్థమవుతుంది.

కాలం గురించి మీరు యథాలాపంగా రాసిన రెండు వాక్యాలు నాకు రచన మొత్తంలోకీ విలువైనవిగా తోచాయి. నెవాడా నుంచి యూటాకు వచ్చేసరికి గడియారం ఒక గంట ముందుకు జరిగింది. అరిజోనా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపని రాష్ట్రం, కాని అక్కడి ఆదివాసులైన నవాహో ప్రజల స్వపరిపాలన ప్రాంతం నవాహో నేషన్ జరుపుతుంది, అందువల్ల మీరు నవాహో నేల దాటి గ్రాండ్ కాన్యన్ వైపు వెళ్ళేసరికి ఆ గంట మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇన్ని మార్పుల మధ్య మీరు తప్పకుండా గుర్తుంచుకున్న కాలం ఒక్కటే, అది ఖమ్మంలో మీ నాన్నగారిది. యూటాలోని మోయాబ్‌లో రాత్రి 8 గంటలకు మోటెల్ బయట కారుకు ఆనుకుని మీరు ఫోన్ చేస్తే, అక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర, ఆయన కాఫీ తాగుతూ మందుల డబ్బా ముందు పెట్టుకుని ఉన్నారు. మీరు ఎందుకు తిరిగి వచ్చారో ఈ ఒక్క ఫోన్ సంభాషణ చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. ఆర్చెస్ నేషనల్ పార్క్ గురించి రాసిన రెండు పేజీలను సగానికి తగ్గించి, ఆ చోటు దీనికి ఇవ్వండి.

ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. దారి పొడుగునా స్నేహితుడు శ్రీనివాసపిళ్ళగారికి రాసిన ఉత్తరాలే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రకు ఆధారం. దారి ఎలా ఉంది, దిగడానికి ఎక్కడ వసతి ఉంది, ఏ ఊళ్ళో ఏ సరుకులు దొరుకుతాయి అని ఆయన ఓపికగా రాసుకున్నందువల్లనే ఆ కాలపు దారి ఇప్పటికీ మన కళ్ళకు కడుతోంది. మీ దారిలోనూ అలాంటివి ఎన్నో ఉన్నాయి. నెవాడాలోని ఎల్కోలో మోటెల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి, కిటికీ కాస్త తెరిచి, అన్నంలో గోంగూర పచ్చడి కలిపి పిల్లలకు ముద్దలు పెట్టారు. సామాను ముందే ఓడకు వెళ్ళిపోయింది కాబట్టి ఇంట్లో మిగిలిన వంట పాత్రలు ఆ కుక్కరు, ఒక గరిటె మాత్రమే అన్న సంగతి వేరే పేరాలో ఎక్కడో ఉంది. ఆ రెండూ ఒకచోట చేర్చండి. ఫోన్‌లోని ఫోటోలకు తేదీ, సమయం ఉంటాయి. వాటిని ముందు పెట్టుకుని ఏ రోజు ఎక్కడున్నారో సరిచూసుకుంటూ రాస్తే జ్ఞాపకం దానంతట అదే కదులుతుంది.

ఒక దిద్దుబాటు కూడా ఉంది. మాన్యుమెంట్ వ్యాలీని నేషనల్ పార్క్ అన్నారు. అది నవాహో ప్రజల ట్రైబల్ పార్క్, నిర్వహణ వారిదే, నేషనల్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు. ఆ ప్రజలను 1864లో సైన్యం సొంత నేల నుంచి తరిమి వందల మైళ్ళు నడిపించింది, 1868 ఒడంబడిక తరువాతనే వాళ్ళు ఇంటికి తిరిగి రాగలిగారు. ఇంటికి తిరిగివచ్చే కథ రాస్తున్న మీరు ఆ నేల మీద నుంచి వెళుతూ ఈ విషయం తెలుసుకోకుండా ఉండకూడదు. అయితే మీ ప్రయాణాన్ని దానితో పోల్చే పని మాత్రం పెట్టుకోవద్దు. మీరు టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు.

"కొన్ని కారణాల వల్ల వెనక్కి రావాలని నిర్ణయించుకున్నాం" అన్న వాక్యం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. మీ ఉత్తరంలో గ్రీన్ కార్డు వరుస గురించి, నాన్నగారి ఆరోగ్యం గురించి సూటిగా రాశారు. రచనలోనూ అలాగే రాయండి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంవారికీ ఏటా 7 శాతానికి మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ళు ఏళ్ళకేళ్ళు ఎదురుచూడవలసి వస్తోంది. ఫిర్యాదు స్వరం లేకుండా రెండు వాక్యాల్లో చెబితే చాలు, అప్పుడు ఆ కారులోని ప్రతి మైలుకూ బరువు వస్తుంది. అలాగే అక్కడి రెస్ట్ ఏరియాల శుభ్రతను మన జాతీయ రహదారులతో పోల్చి నిట్టూర్చిన పేరా తీసివేయండి. ఆ పోలిక మీ ప్రయాణం చేయనివారు కూడా రాయగలరు.

శంషాబాద్‌లో దిగి అమ్మమ్మను కౌగిలించుకున్న ముగింపు కూడా వద్దని నా అభిప్రాయం. మీ ప్రయాణం ఫ్రీమాంట్‌లోనే ముగిసింది. కారు కొనుక్కున్నాయన మర్నాడు వచ్చేలోగా మీరు నలుగురూ దాన్ని ఖాళీ చేశారని రాశారు. సీట్ల సందుల్లోంచి, డిక్కీలోంచి ఏమేమి బయటపడ్డాయో, వాటిలో ఏవి సూట్‌కేసులోకి వెళ్ళాయో, ఏవి చెత్తలోకి వెళ్ళాయో, ఎవరు దేనికోసం పేచీ పెట్టారో రాసి అక్కడ ఆపండి.

అచ్చుకు ఇచ్చే ముందు మీ ఆయనకూ పిల్లలకూ చదివి వినిపించండి. ఆయన ఉద్యోగం గురించి, పిల్లల ఏడుపుల గురించి రాసినవి వాళ్ళకు సమ్మతమైతేనే ఉంచండి. ఏదైనా తీసివేయమంటే వాదించకుండా తీసివేయండి. పత్రికకైతే ఇప్పుడున్నదానిలో మూడోవంతు తగ్గాలి. ఎక్కడ తగ్గించాలో పైన చెప్పాను. రెండో ప్రతి సిద్ధమయ్యాక పంపండి, తప్పక చదువుతాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి