పాట పాడిన మనిషి పేరు

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, బొబ్బిలి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 'ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' అనే అమెరికా జానపద పాట మీద మన ప్రాంతపు అమ్మాయి తెలుగులో వ్యాసం రాసిందంటే సంతోషం పట్టలేకపోయాను. గిటారుతో పాట మొదలయ్యే తీరు గురించి రాసిన పేరా చాలా బాగుంది. బ్రిటన్ రాక్ బృందం యానిమల్స్‌లోని గిటారిస్టు హిల్టన్ వాలెంటైన్ ఒక్కొక్క తీగనే విడివిడిగా మీటుతూ స్వరాలను ఎక్కించి దించడం సంగీతం తెలియనివారి చెవికి కూడా అందేలా చెప్పావు. అందులో ఒక్క అక్షరమూ మార్చకు.

నా అభ్యంతరమంతా వ్యాసం మొదటి వాక్యంతోనే. 1964లో యానిమల్స్ బృందం ఈ పాటను సృష్టించిందన్నావు. ఆ ఏడాది మే 18న లండన్‌లో వాళ్లు ఒకే టేకులో దీన్ని రికార్డు చేసిన మాట నిజం. జూలైలో బ్రిటన్‌లో, సెప్టెంబరులో అమెరికాలో అది మొదటి స్థానానికి చేరింది. జానపదాన్ని రాక్ సంగీతంతో కలిపే ఫోక్ రాక్‌కు దారి తీసిన తొలి పాటల్లో ఇదొకటని రాయడమూ సబబే. కానీ పాట పుట్టుక వాళ్లది కాదు. దీని మాటలు 1925 నాటికే అచ్చులో కనిపిస్తాయి. 1933లో క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫోస్టర్ అనే అమెరికా జానపద గాయకులు రికార్డుకు పాడారు. నువ్వు మొదలుపెట్టిన చోటికి రావడానికి ఆ పాట చాలా దూరం నడిచింది.

నీ వ్యాసంలో జార్జియా టర్నర్ పేరే లేదు. ఆమె గురించి కాస్త వివరంగా చెబుతాను. 1937లో అలన్ లోమాక్స్ అనే జానపద గీతాల సేకర్త రికార్డింగ్ యంత్రం వెంటబెట్టుకుని కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరోకు వెళ్లాడు. అక్కడ అతనికి ఈ పాట పాడి వినిపించింది ఈమే. గని కార్మికుడి కూతురు, అప్పటికి పదహారేళ్లు. ఆమె పాడింది ఆడపిల్ల మొర. న్యూ ఆర్లీన్స్‌లోని ఒక ఇంట్లో చిక్కుకుని బతుకు పాడైపోయిన పిల్ల, తన చెల్లెలిని ఆ గడప తొక్కవద్దని చెప్పండంటూ వేడుకుంటుంది. తల్లి బట్టలు కుడుతుంది, ప్రియుడు తాగుబోతు. యానిమల్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కుర్రవాడైపోయాడు. తాగుబోతు ప్రియుడు పోయి జూదరి తండ్రి వచ్చాడు. చెల్లెలికి చెప్పిన మాట తల్లులందరికీ చెప్పే హితవుగా మారింది. 1933 నాటి రికార్డు కూడా మగవాడి పాటే కనుక, అది రెండు దారుల్లోనూ నడిచిందన్నమాట. ఏ మార్పు ఎక్కడ జరిగిందో పక్కపక్కన పెట్టి చూపించు. ఆడపిల్లవి, ఆ తేడా నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

లోమాక్స్ 1941లో వేసిన పుస్తకంలో పాటతో పాటు జార్జియా పేరు కూడా ఇచ్చాడు. సేకరించేవాడి ధర్మం అది. 1964 రికార్డు మీద మాత్రం కూర్పు కింద యానిమల్స్‌లో ఆర్గన్ వాయించే అలన్ ప్రైస్ ఒక్కడి పేరే పడింది. అయిదుగురి పేర్లకూ లేబుల్ మీద చోటు చాలదన్నారని ఆ బృందంలోని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. పేరు ఎవరిదో రాయల్టీ వాళ్లకే పోతుంది. అంతకుముందు న్యూయార్క్ జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్‌కూ ఇలాంటి బాధే. అతని బాణీని బాబ్ డిలాన్ తన మొదటి ఆల్బమ్‌లో పాడితే (అది 1962లో వచ్చింది), ఆ తర్వాత జనం వాన్ రాంక్‌నే డిలాన్ పాట పాడుతున్నాడనడం మొదలుపెట్టారు. యానిమల్స్ పాట మోగిపోయాక డిలాన్‌కూ ఆ మాట తప్పలేదు. ఈ వరసంతా వ్యాసంలోకి రావాలి.

ఇంకొకటి. పాటలోని ఆ ఇల్లు న్యూ ఆర్లీన్స్‌లో ఫలానా వీధిలో ఉండేదని ఖాయంగా రాశావు. అది వేశ్యాగృహమన్నవారున్నారు, జైలన్నవారున్నారు. ఏదీ రుజువు కాలేదు. ఆ వాక్యం కొట్టేయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నీ తర్వాతి వ్యాసం మన పాటల మీద అన్నావు కదా. 2020లో 'పలాస 1978' సినిమాతో 'నాది నక్కిలీసు గొలుసు' రాష్ట్రమంతా ఫోన్లలో మోగిపోయింది. అందరం ఉత్తరాంధ్ర జానపదం అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఆ మాట వెనక ఊళ్లున్నాయి, జముకు వాద్యం పట్టుకున్న చేతులున్నాయి, కథకుడి పక్కన వంత పాడిన గొంతులున్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడే. కెంటకీ పిల్ల పేరు ఎనభై ఏళ్లకు పైగా నిలిచిందంటే ఒక మనిషి ఆనాడు రాసి పెట్టుకోబట్టే. మన దగ్గర గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పాటలు సేకరించారు. నువ్వు కొత్తగా దారి వేయనక్కర్లేదు, ఆ దారినే నడువు.

తప్పెటగుళ్ల బృందం దగ్గరికి గానీ, ఊడుపుల్లో పాడే ఆడవాళ్ల దగ్గరికి గానీ వెళ్లినప్పుడు ముందు ఫోను బయటికి తీయకు. కూర్చో, పాట పూర్తిగా విను. తర్వాత పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనిలో, ఏ పండక్కి పాడతారు అని అడిగి రాసుకో. అచ్చులో పేరు వేయవచ్చా అని అడుగు, వద్దంటే వేయకు. పాటలోని మాటలను వాళ్లు పలికినట్టే రాయి, పుస్తకాల భాషలోకి దిద్దకు. అదే పాట పక్క ఊరిలో వేరేగా వినిపిస్తే రెండూ ఉంచు. అచ్చయ్యాక ప్రతి తీసుకెళ్లి వాళ్లకు చదివి వినిపించు.

ముందు ఈ వ్యాసం తిరగరాయి. జార్జియాతో మొదలుపెట్టి, యానిమల్స్‌కు మూడో వంతు కంటే ఎక్కువ చోటివ్వకు. దసరాలోగా పంపితే చదివి పెడతాను. సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావు కదా, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మాస్టారు