చవుడు మిద్దె మీద సిమెంటా?

ప్రశ్న: జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా ముత్తాత ధాత కరువు తీరాక కట్టించిన ఇల్లు ఉంది. చవుడు మిద్దె (దూలాల మీద చవుడు మట్టి పరిచిన కప్పు), పక్కన పశువుల కొట్టం, దొడ్డిలో గాదె, వాకిట్లో జొన్నలు దాచేందుకు నేలలో తవ్విన పాతర. నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. ఇప్పుడు రెండు అంకణాలు (దూలానికీ దూలానికీ మధ్య భాగాలు) కురుస్తున్నాయి. పైన మూడంగుళాల కాంక్రీటు వేసి, కొట్టం పడగొట్టమని మేస్త్రి అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మేస్త్రికి చల్లని మజ్జిగ ఇచ్చి పంపించండి.

ధాత కరువంటే 1876-78 నాటిది. అప్పటి నుంచి నిలిచిన మిద్దె ఇప్పుడు కురుస్తోందంటే తప్పు చవుడుది కాదు, నాలుగేళ్లుగా పైకెక్కి చూడని మనది. చవుడులో సోడియం ఉప్పు ఎక్కువ. తొలి వానకు తడవగానే బంకమట్టి రేణువులు విడివడి సందులను పూడ్చేస్తాయి. ఆపైన పడిన నీరు కిందికి దిగలేక తూము దారి పడుతుంది. ఎండకు నెర్రెలిచ్చి, వానకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టే ఏటా కొత్త చవుడు చల్లాలి. మా జేజి వానలకు ముందే బండెడు చవుడు తోలించేది. మిద్దె మీద మొలిచిన గడ్డిని తానే ఎక్కి పీకేది. వేరు దిగిన చోటే నీరూ దిగుతుందనేది.

అయితే ఏళ్ల తరబడి చల్లిన మట్టి పేరుకుంటుంది. అడుగు మందం మట్టి చదరపు అడుగుకు దాదాపు 50 కిలోలు తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. దాని మీద కాంక్రీటు మరో 17 కిలోలు. పాత దూలం కొద్దిగా వంగుతుంది, కాంక్రీటు వంగలేక చీలుతుంది. మా చిన్నాన్న ఈ పనే చేశాడు. రెండేళ్లు చుక్క కారలేదని మీసం తిప్పాడు. మూడో ఏడు వంటింటి దూలం, గోడలో ఉన్న కొస, పిండిలా రాలింది. చీలికలో దిగిన నీటికి ఆరే దారి లేదు మరి.

ముందు దూలాల కొసలను మేకుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే కింద ఆసరా నిలిపి, మార్పించండి. తరవాత పాత మట్టిని చెక్కించండి. చెక్కిన మట్టిని మిద్దె మీదే ఒకచోట కుప్ప పోయనివ్వకండి, బరువంతా ఒకే దూలం మీద పడుతుంది. గవాక్షి (వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన కంత) అంచులు, తూము సరిచేసి కొత్త చవుడు పరిపించండి.

కొట్టం జోలికి వెళ్లనివ్వకండి. దాని నేల బండలు మీ దగ్గరి నార్జి ఊరి వైపు నాపరాయే అయి ఉంటాయి. మేస్త్రి కన్ను వాటి మీదేనేమో, చెప్పలేను. గాదెకు చెదలు లేకపోతే చాలు.

పాతర మాత్రం ప్రమాదం. అడుగున మిగిలిన గింజలు కుళ్లితే బొగ్గుపులుసు వాయువు పుట్టి అక్కడే నిలుస్తుంది. దిగినవాడు కేక వేసే లోపే పడిపోతాడు, కాపాడబోయినవాడూ అంతే. నోటికి ఇనుప కమ్మీల చట్రం బిగించి, టార్చి వేసి పైనుంచే చూడండి. సెలవులకు పిల్లలు వచ్చేలోగా ఆ పని ముందు చేయించండి, మిద్దె సంగతి తరవాత.