మారథాన్ టైమింగ్‌లు ఇంతగా తగ్గడానికి కారణం బూట్లా, తిండా?

రెండూ. కానీ బూట్ల గురించి మాట్లాడినంతగా తిండి గురించి మాట్లాడరు, అది అన్యాయం.

2017లో నైకీ తెచ్చిన వేపర్‌ఫ్లై బూటు అడుగున తేలికైన, బాగా ఎగిసే ఫోమ్, దాని మధ్యలో కార్బన్ ప్లేటు ఉన్నాయి. అదే వేగానికి సగటున 4 శాతం తక్కువ శక్తి సరిపోతుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2020లో అథ్లెటిక్స్ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ బూటు అడుగు మందానికి 40 మిల్లీమీటర్ల పరిమితి పెట్టింది.

ఇక తిండి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర ఇంధనం) ఆ వేగంలో మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లకు చాలదు. అందుకే 30 కిలోమీటర్లు దాటాక చాలామంది కుదేలవుతారు. గ్లూకోజ్ ఒక్కటే తాగితే పేగులు గంటకు సుమారు 60 గ్రాములే పీల్చుకోగలవు. ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) వేరే ద్వారం గుండా వెళ్తుంది కాబట్టి రెండూ కలిపితే 90 గ్రాముల దాకా, కొందరికి ఇంకా ఎక్కువే ఒంటబడుతుంది. అయితే కడుపు తిప్పేస్తుందన్న టెన్షన్ లేకుండా తాగాలంటే, శిక్షణలోనే వారాల తరబడి పేగులకు అలవాటు చేయాలి.

2023 షికాగో మారథాన్‌ను కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో పూర్తిచేశాడు. రెండో సగమే వేగంగా, 60 నిమిషాల లోపే పరిగెత్తాడు. ఒంట్లో ఇంధనం అయిపోయినవాడికి అది అసాధ్యం.