దెయ్యాల నవల రాస్తానంటున్న మా బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివా. టీనేజ్ పిల్లల కోసం ఆత్మలూ దెయ్యాలూ ఉండే నవల రాయాలని ఉంది పెద్దమ్మా, కానీ ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇల్లు, టైం ఎక్కడ్నించి తేవాలి అన్నావు. ఎక్కడ్నించీ రాదు. నాకూ ఉండేది కాదు, ఇప్పుడు పిల్లలు పెద్దై ఎవరిదారిన వాళ్ళు వెళ్ళాక బోలెడుంది గానీ రాసే స్పీడు అప్పటికంటే తగ్గింది, నమ్మితే నమ్ము. కాబట్టి తీరిక దొరికాక మొదలెడతా అన్న మాట నా దగ్గర అనకు.

మనలాంటివాళ్ళు రాయడంతో పాటు ఇంకో విద్య కూడా నేర్చుకోవాలి, సగంలో లేచిపోయి మళ్ళీ వచ్చి సరిగ్గా అక్కడే కూర్చోవడం. నీ హీరోయిన్ పాత బావి దగ్గర నిలబడి ఉంటుంది, లోపల్నించి తన గొంతే తనని పిలుస్తుంటుంది, సరిగ్గా అప్పుడే "అమ్మా నా సాక్స్ ఒకటే ఉంది" అని కేక. వెళ్ళి రెండోది వెతికి ఇచ్చి వచ్చేసరికి ఆ వణుకు ఏమైపోతుందో ఏమో. అందుకే లేచేముందు వాక్యం పూర్తి చెయ్యకు. "తాడు గట్టిగా లాగింది, పైకొచ్చిన బకెట్లో" అని అక్కడే వదిలేసి పో. తిరిగొచ్చాక ఆ సగం వాక్యమే నిన్ను లోపలికి లాక్కెళ్తుంది. చాప్టర్ శుభ్రంగా ముగించి, ల్యాప్‌టాప్ మూసి, హాయిగా పడుకున్న రోజులున్నాయి చూడు, వాటి మర్నాడే నేను అరగంటసేపు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చునేదాన్ని.

ఇంకోటి, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని అందులో దెయ్యం రూల్స్ అన్నీ రాసుకో. అది ఇంకా ఇక్కడే ఎందుకు తిరుగుతోంది, దానికేం కావాలి, ఎవరికి కనిపిస్తుంది, ఏం చెయ్యగలదు, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యలేదు, దాని సాయం తీసుకుంటే హీరోయిన్ ఏం పోగొట్టుకుంటుంది. నా మొదటి నవల్లో మూడో చాప్టర్లో దెయ్యం పిల్ల దేన్నీ ముట్టుకోలేదు, చెయ్యి పెడితే గోడలోంచి దూరిపోతుంది. ఆ తర్వాత మా వాడికి ఒంట్లో బాగోక రెండు నెలలు నేను ఫైలే తెరవలేదు, మళ్ళీ మొదలెట్టి ఊపులో రాసుకుంటూ పోయా, పంతొమ్మిదో చాప్టర్లో అదే పిల్ల తలుపు గడియ తీసింది. నేను చూళ్ళేదు, ఎడిటర్ చూళ్ళేదు, పుస్తకం వచ్చిన వారానికి ఓ పద్నాలుగేళ్ళ పాప ఉత్తరం రాసింది, ఆంటీ ఆ గడియ ఎలా తీసింది అని. ఈ వయసు పాఠకులు అస్సలు వదలరు. పెద్దవాళ్ళయితే పోన్లే అనుకుని పేజీ తిప్పేస్తారు.

యంగ్ అడల్ట్ అంటే సుమారు 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ కోసం, కథ నడిపేది కూడా ఆ వయసు వాళ్ళే అయ్యుండాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ తల్లైనవాళ్ళకి ఇది మహా కష్టం. పిల్ల ప్రమాదంలో పడితే మన చెయ్యి ఆగదు, ఎవరో ఒక పెద్దమనిషిని పంపించి కాపాడేస్తాం. నా రెండో నవల మొదటి డ్రాఫ్టులో క్లైమాక్స్‌లో వాళ్ళమ్మ వచ్చి దెయ్యాన్ని తరిమేసింది, రాసేటప్పుడు నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, ఎడిటర్ ఆ పేజీ పక్కన "ఈ కథ ఎవరిది?" అని మూడే మాటలు రాసి పంపింది. ఆ చాప్టర్ మొత్తం తీసేశా. అమ్మానాన్నల్ని కథలోంచి పంపెయ్యడానికి చాలామంది వాళ్ళని చంపేస్తారు, నాకది బద్ధకం అనిపిస్తుంది, వాళ్ళు పక్క గదిలోనే ఉండి కూడా పిల్ల చెప్పలేకపోవడం ఇంకా భయంగా ఉంటుంది కదా. ఎందుకు చెప్పలేదో మాత్రం నీకు ఖచ్చితంగా తెలిసుండాలి.

భయం కోసం పాడుబడ్డ బంగళాలు వెతక్కు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి రాసుకుంటుంటే సోఫా కిందనించి బొమ్మ పాడటం మొదలెట్టింది, బ్యాటరీ అయిపోవస్తే అలా అవుతుందిలే, కానీ గొంతు బరువై, పాట నెమ్మదై, మధ్యలో ఆగి మళ్ళీ మొదలైంది. పిల్లల గదిలోకి పరిగెత్తా. వాళ్ళు నిద్రపోతున్నారు. అది ఉన్నదున్నట్టు నవల్లో పెట్టా, చదివినవాళ్ళు ఎక్కువగా చెప్పేది ఆ సీన్ గురించే. అలాగే స్లీప్ పెరాలిసిస్ అని ఉంది, మెలకువ వస్తుంది గానీ ఒళ్ళు కదలదు, గదిలో ఎవరో ఉన్నట్టు, గుండెల మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. కలలొచ్చే నిద్రలో ఒంటిని కదలనివ్వకుండా మెదడు ఆపి ఉంచుతుంది, ఆ పట్టు వదిలేలోపే మెలకువ వచ్చేస్తే ఇలా అవుతుంది. ఇలాంటివి తెలుసుకుని పెట్టుకో. నీ హీరోయిన్‌కి డాక్టర్ ఇదే చెప్పాలి, అమ్మ కూడా ఇదే చెప్పాలి, తనకీ నమ్మాలనే ఉండాలి, కానీ పొద్దున లేచి చూస్తే మెడ మీద చిన్న చెయ్యి గుర్తు. పారానార్మల్ కథకి ఈ నిజమా కాదా అన్న ఊగిసలాటే ప్రాణం, దాన్ని వీలైనంత దూరం లాగు.

ఇక లెక్కలు. ఇంగ్లీషులో ఈ రకం నవలలు సుమారు 60,000 నుంచి 80,000 పదాలు ఉంటాయి, తెలుగులో ఒక్క మాటలోనే వాళ్ళ మూడు మాటలు ఇమిడిపోతాయి కాబట్టి ఆ అంకె పట్టుకుని వేలాడకు. రోజుకి 300 పదాలు, వారానికి అయిదు రోజులు, 40 వారాలకి 60,000. నవంబర్‌లో 30 రోజుల్లో 50,000 పదాలు రాసెయ్యాలని ఒక ఛాలెంజ్ 2000 నుంచి తెగ పాకింది, అంటే రోజుకి 1,667, నేనూ ఒకసారి దిగా, పదకొండో రోజుకి ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడే పరిస్థితి లేదు. స్టెఫనీ మేయర్ 2003 జూన్‌లో ఒక కల కని, ముగ్గురు చిన్నపిల్లల్ని చూసుకుంటూనే మూడు నెలల్లో "ట్విలైట్" అనే రక్తపిశాచుల నవల పూర్తి చేసింది, అది చదివి నువ్వు నెలలు లెక్కపెట్టుకుని ఏడవకు. నాకు అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ ఇష్టం, నలుగురు పిల్లల తల్లి, 1948లో సంచలనమైన "ది లాటరీ" కథ ఐడియా ఆవిడకి కూతుర్నీ సరుకుల్నీ స్ట్రోలర్‌లో పెట్టి తోసుకుంటూ ఎత్తు ఎక్కుతుంటే వచ్చిందట, ఆవిడే చెప్పుకుంది. 1953లో తన పిల్లల అల్లరి మీద నవ్వులపుస్తకం, 1959లో దెయ్యాల ఇంటి నవల, రెండూ ఒకే చేత్తో. అయితే ఇంటి చాకిరీ దాదాపు అంతా ఆవిడ నెత్తినే ఉండేది, 48 ఏళ్ళకే పోయింది. అక్కడ మాత్రం ఆవిడ్ని ఫాలో అవ్వకు. మీ ఆయనతో కూర్చుని ఏ గంట నీదో తేల్చుకో, ఆ గంటలో పిల్లలు ఆయన డ్యూటీ, "హెల్ప్ చేస్తా" అనే మాటకి ఒప్పుకోకు.

నా దగ్గర ఒక పాత టోపీ ఉండేది. అది నా నెత్తిమీద ఉంటే రక్తం వస్తేనో, ఎక్కడన్నా నిప్పు అంటుకుంటేనో తప్ప పిలవకూడదని రూలు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు గానీ పాటించేవాళ్ళు. టోపీ తీశాక మాత్రం నేను పూర్తిగా వాళ్ళదాన్ని, అదే అసలు కష్టం, ఒళ్ళు వాళ్ళ దగ్గరా మనసు బావి దగ్గరా పెట్టుకుని ఊఁ ఊఁ అంటూ కూర్చుంటే పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

ఇది చెప్పాలా వద్దా అనుకున్నా, చెప్తా. మా అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు స్నేహితురాలు మాట్లాడ్డం మానేసింది. ఓ రాత్రి నా పక్కన పడుకుని, "నేను క్లాసులో ఉన్నా లేనట్టే అమ్మా, నాలోంచి అవతలికి చూస్తారు" అంది. ఆ మాట తీసుకెళ్ళి నా దెయ్యం పిల్ల నోట్లో పెట్టేశా. అడగలేదు. అడగాలని తట్టనే లేదు, అంత బాగుంది ఆ మాట. పుస్తకం వచ్చింది, అందరూ ఆ లైనే మెచ్చుకున్నారు. మా అమ్మాయి ఆ లైను చదివి, పుస్తకాన్ని బోర్లించి టేబుల్ మీద పెట్టి, "నేను నీకు చెప్పానా, నీ పుస్తకానికి చెప్పానా?" అంది. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నీ పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు, కానీ నువ్వు రెండో మూడో నవలలు రాసేసరికి వాళ్ళకి సరిగ్గా నీ పాఠకుల వయసు వస్తుంది, ఇంట్లోనే మెటీరియల్ తిరుగుతున్నట్టు ఉంటుంది. అడిగి తీసుకో. వద్దంటే వదిలెయ్, ఎంత మంచి మాటైనా సరే.

ఇప్పుడు నా డ్రాఫ్టులు మొదట చదివేది మా అమ్మాయే. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటుంది, అనుమానం వచ్చిన చోటల్లా మార్జిన్లో "ఇది నాదా?" అని రాస్తుంది, పక్కన నేను జవాబు రాస్తేగానీ తర్వాతి పేజీ తిప్పదు.

సరే, ఆదివారంలోపు మొదటి చాప్టర్ పంపు. పూర్తి కాకపోయినా పర్లేదు, ఏ వాక్యం దగ్గర పిల్లలు పిలిచారో అక్కడిదాకా పంపు.

మీ పెద్దమ్మ