డాలస్ వచ్చే ముందు ఈ లెక్క కూడా చూడు నాన్నా

చిరంజీవి నాన్నా,

కాలిఫోర్నియా వదిలి మా డాలస్ వైపు వచ్చేస్తే లాభమంటూ నువ్వు పంపిన లెక్క రెండుసార్లు చదివాను. మీ ఫ్రీమాంట్‌లో ఒక ఇల్లు కొనే డబ్బుకు ఇక్కడ డాలస్ పక్కన ఫ్రిస్కోలో దాదాపు రెండు వస్తాయన్నది నిజమే. అక్కడ మీ ఆదాయంలో పై భాగానికి పడుతున్న 9.3 శాతం రాష్ట్ర ఆదాయ పన్ను కూడా టెక్సాస్‌లో ఉండదు. 2019లో రాజ్యాంగ సవరణ చేసి మరీ దాన్ని నిషేధించారు. పద్నాలుగేళ్ల క్రితం మేమూ సరిగ్గా ఇంతవరకే లెక్క వేసుకుని కాలిఫోర్నియా నుంచి వచ్చాం. అందుకే ఈ ఉత్తరం.

ఆస్తి పన్ను ఇక్కడ, మినహాయింపులకు ముందు, ఇంటి విలువలో దాదాపు 2 శాతం. 5 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 10 వేలు. ఇంటి అప్పు తీరినా ఇది తీరదు. కాలిఫోర్నియాలో 1978 నాటి 13వ ప్రతిపాదన పుణ్యమా అని పన్ను వేసే విలువ సాధారణంగా ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇక్కడ మనం ఉండే సొంతింటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉన్నా 10 శాతం దాకా పెరగవచ్చు. కొత్త ఇంటికైతే మొదటి ఏడాది బిల్లు చూసి మురిసిపోకు. జనవరి 1 నాటికి కట్టడం మొదలుకాకపోతే ఆ ఏడాది స్థలానికే పన్ను పడుతుంది. మరుసటి ఏడాది ఇంటికీ కలిపి వస్తుంది, బ్యాంకు నెల వాయిదా పెంచేస్తుంది. ఊరి చివర కాలనీ అయితే నీళ్ల పైపుల అప్పు తీర్చే మడ్ పన్ను ఉందో లేదో సంతకానికి ముందే అడుగు.

ఇక వడగళ్లు. మూడేళ్ల క్రితం పావుగంట వానకు మా పైకప్పు పాడైంది. బీమా ఉందన్న ధైర్యంతో ఫోను చేస్తే, ఇంటి బీమా విలువలో మొదటి 2 శాతం మనమే పెట్టుకోవాలన్నారు. 9 వేల డాలర్లు చేతి నుంచి పోయాయి. పాలసీలో గాలి, వడగళ్ల డిడక్టిబుల్, అంటే మనం పెట్టుకోవాల్సిన వాటా, ఎంతో వేరుగా రాసి ఉంటుంది, ముందు అది చదువు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో రెండు రోజులు కరెంటు లేక ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. టెక్సాస్ గ్రిడ్ చాలావరకు ఒంటరిది, పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగల కరెంటు చాలా తక్కువ.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మీ అమ్మ. అక్కడ ఉన్నప్పుడు రోజూ సాయంత్రం ఎలిజబెత్ చెరువు చుట్టూ నడిచి వస్తుంది, తోటివాళ్లతో మాట్లాడుతుంది. ఇక్కడ ఎండాకాలం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, పొద్దున్నే తప్ప కాలు బయట పెట్టలేం. కూరగాయలకైనా ఎవరో ఒకరు కారు తీయాలి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, మన భాష వినపడని వీధి లేదు. అదీ చిన్న సుఖం కాదు, ఆ బలంతోనే మేము నిలిచాం. కానీ గుడికి తీసుకెళ్లే తీరిక నీకు ఉండాలి కదా!

రాష్ట్ర పన్నులో మిగిలేదాన్ని ఒక పక్కన రాయి. ఆస్తి పన్ను, బీమా, రెండో కారు, టోల్, వేసవి కరెంటు బిల్లు రెండో పక్కన రాయి. అప్పటికీ మిగిలితే సంతోషంగా రా. అయినా ఇల్లు వెంటనే కొనకు, ఒక ఏడాది అద్దెకుండు.

అంతకన్నా ముందు ఆగస్టులో అమ్మను తీసుకుని రెండు వారాలు మా ఇంటికి రా. ఆఫీసు పని ఇక్కడి నుంచే చేసుకో. టికెట్లు తీసుకోగానే చెప్పు, విమానాశ్రయానికి మీ పెదనాన్న వస్తారు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ