చెన్నైలో తెలుగు పిల్లల చేత చరిత్ర మీద కథలు రాయించడం ఎలా?

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలకి వేసవిలో కథల శిబిరం పెడుతున్నామనీ, చరిత్ర అనగానే ఆవలిస్తున్నారనీ రాశారు. వేళచ్చేరిలో నేను కొన్నేళ్ళుగా ఇలాంటివి నడుపుతున్నాను. నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందుగా ఒక మాట. కృష్ణదేవరాయలతో మొదలుపెట్టకండి. రాయలవారి మీద కోపం ఉండి కాదు. ఆయన మీద రాయమంటే పిల్లలు సినిమా డైలాగులు రాస్తారు. ‘మహామంత్రీ, ఏమి ఈ విపరీతం!’ అని ఒకడు అందుకుంటే మిగతావాళ్ళంతా అదే దారి. వాళ్ళంతట వాళ్ళు గమనించి రాసింది అందులో ఒక్క ముక్క ఉండదు. వాళ్ళు స్వయంగా వెళ్ళి నిలబడగలిగే చోటు ఒకటి, అక్కడ మామూలు మనుషులకి జరిగిన సంగతి ఒకటి ఉంటే చాలు. చెన్నైలో ఉంటూ వాటికి కరువేమిటండీ.

నేనైతే ప్యారీస్ కార్నర్‌కి తీసుకెళ్తాను. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే. హైకోర్టు మెట్రోలో దిగితే నడిచేంత దూరం. అక్కడ డేర్ హౌస్ అనే పాత కంపెనీ భవనం దగ్గర 1773 జనవరి 1 తేదీతో ఒక సరిహద్దు రాయి ఉంది. అలాంటివి ఆరు పాతితే మిగిలింది ఇదొక్కటే. దాన్ని చూపించగానే పిల్లలు ‘ఓస్, ఇదేనా’ అంటారు. అననివ్వండి. తర్వాత కథ చెప్పండి. 1746లో ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జి కోటను పట్టుకున్నారు. కోటకి ఉత్తరాన గోడ పక్కనే బ్లాక్‌టౌన్ ఉండేది. వర్తకులు, దుబాసీలు (దొరలకి మాట తర్జుమా చేసేవాళ్ళు), నేతగాళ్ళు ఉండే ఊరు, మన తెలుగువాళ్ళూ బోలెడుమంది. కోటకి అంత దగ్గర్లో ఇళ్ళుంటే దాడి చేసేవాడికి చాటు దొరుకుతుందని ఆ ఊరిని నేలమట్టం చేశారు. కొంత ఫ్రెంచివాళ్ళు కూల్చారు, మిగతాది తిరిగొచ్చిన ఇంగ్లీషువాళ్ళు పూర్తిచేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. దాన్ని తర్వాత వేరేచోట కట్టుకున్నారు. జనం ముత్యాలపేటకీ పెద్దనాయకన్‌పేటకీ సర్దుకున్నారు, అదే ఇప్పటి జార్జిటౌన్. ఖాళీ అయిన మైదానంలో మళ్ళీ ఎవరూ ఇల్లు కట్టకుండా హద్దు చెప్పడానికే ఈ రాయి. ఆ పాత ఊరి చోటే ఇప్పుడు హైకోర్టు ఉంది. ఇది విన్నాక అందరి తలలూ ఎర్రటి ఆ గుమ్మటాల వైపు తిరుగుతాయి.

అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి. రేపు మీ ఇల్లు కూలుస్తారంటే ముందు ఏం తీసుకుంటారు? రుబ్బురోలు అని ఒకరు, అది లేవదని ఇంకొకరు. పిల్లి అని ఒకరు. ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు మాత్రం తన కథలో అవ్వ చేత గడప పట్టించాడు. కొడుకు కోపంతో ‘గడప ఏం చేసుకుంటావే’ అంటే ‘పసుపు ఎక్కడ రాయమంటావురా’ అంటుంది. నేను నేర్పిన మాట కాదది.

ఇక అసలు సంగతికి వస్తాను. చాలామంది పిల్లల ఊహకి అడ్డం పడకూడదని తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేస్తారు. నా లెక్కలో అది పిల్లలకి చేసే అన్యాయం. చరిత్రలో నిజం ఎంత బిగిస్తే కథ అంత బాగా కదులుతుంది. ఒక అమ్మాయి ఈ బ్లాక్‌టౌన్ కథే రాస్తూ, పొద్దున్నే తల్లి అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించిందని రాసింది. గీస్తే మండే అగ్గిపుల్ల కనిపెట్టిందే 1826 ప్రాంతంలో. మరి అప్పుడు పొయ్యి ఎలా వెలిగేదో ఇంటికెళ్ళి అడిగి రమ్మన్నాను. వాళ్ళ నాయనమ్మ చెప్పిందట: రాత్రి నిప్పు బూడిదలో కప్పి ఉంచుకునేవారు, ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకునేవారు అని. మర్నాడు ఆ కథ మొత్తం మారిపోయింది. పిల్ల పిడక పట్టుకుని పక్కింటికి వెళ్తుంది, పక్కిల్లు లేదు, నిన్న సాయంత్రమే కూల్చేశారు. ఎక్కడ పొగ కనిపిస్తుందా అని వీధంతా వెతుక్కుంటూ పోతుంది. ఒక్క తప్పు దిద్దినందుకు కథకి కథే దొరికింది! వదిలేసి ఉంటే ఆ పొయ్యి వెలిగేది, అన్నం ఉడికేది, అంతే.

అందుకని మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. కాగితం అంచున ‘తె’ అని రాస్తే తెలిసిన సంగతి, ‘ఊ’ అని రాస్తే ఊహ. మనుషులు, మాటలు, కలలు ఎన్నైనా ఊహించుకోవచ్చు. తేదీలు, చోట్లు, వస్తువులు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఫిల్టర్ కాఫీ మాత్రం ఎన్నిసార్లు చెప్పినా కోటలోకి దూరుతూనే ఉంటుంది, ఇది మద్రాసు కదా.

బయటికి తీసుకెళ్ళడం కుదరకపోతే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర లోంచి రెండు పేజీలు చదివి వినిపించండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది, అన్నీ రాసుకున్నాడు. పెద్ద పరివారంతో వెళ్ళాడు, పల్లకీలు మోసే బోయీలతో సహా. ఆ బోయీల్లో ఒక్కడు రాత్రి మజిలీలో పడుకుని ఏమనుకుంటాడో రాయమనండి. వాళ్ళు డైరీలు రాయలేదు కాబట్టి పిల్లలకి అక్కడ బోలెడంత చోటు.

భాష గురించి మీరు అడగలేదు గానీ అక్కడే ఇబ్బంది పడతారు. ఇక్కడి పిల్లల్లో సగంమందికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. రాసేదాకా ఆగితే శిబిరం అయిపోతుంది. కథ నోటితో చెప్పించి ఫోన్‌లో రికార్డు చెయ్యండి, లిపి వచ్చిన పిల్లలు రాసిపెడతారు. తమిళ అక్షరాల్లో రాసుకున్నా పర్వాలేదు. ‘వస్తా ఉండాము’, ‘చెప్పినాడు’ అంటే దిద్దకండి. వీరాస్వామయ్య కూడా చెన్నపట్నం వాడుక తెలుగులోనే రాశాడు.

పొట్టి శ్రీరాములుగారి మీద రాయించాలని కూడా మీకు ఉన్నట్టుంది. తప్పకుండా రాయించండి. 1952 అక్టోబరు 19న మొదలైన దీక్ష, డిసెంబరు 15న ఆయన ప్రాణంతో ముగిసింది. రాయపేట హైరోడ్డులో ఆయన పోయిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు. కాకపోతే ‘మద్రాసు మనదే’ అన్న నినాదం విన్న తమిళ పక్కింటివాళ్ళ వైపు నుంచి కూడా ఒక కథ రాయించండి. మీ శిబిరంలో పిల్లల స్నేహితుల్లో సగంమంది ఆ పక్కింటివాళ్ళే.

ఇంట్లో పెద్దవాళ్ళని అడగమన్నప్పుడు ‘పాతరోజుల గురించి చెప్పు’ అని అడిగించకండి, ఉపన్యాసం వస్తుంది. మద్రాసులో దిగిన మొదటిరోజు ఎక్కడ పడుకున్నావు, ఏం తిన్నావు అని అడగమనండి. రికార్డు చేసేముందు వాళ్ళని ఒక మాట అడగాలి. కొన్ని సంగతులు ఇల్లు దాటడం పెద్దవాళ్ళకి ఇష్టముండదు, అలాంటివి పేర్లూ ఊళ్ళూ మార్చి రాయించండి.