లాల్‌బాగ్ బండ కింద రాయి ఎటు సాగుతోంది?

ప్రశ్న: సార్, మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మొన్న ఆదివారం మా అబ్బాయిని తీసుకుని లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కాం. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్లని చెప్తే వాడు "దీని కిందంతా లావా పారుతుంటుంది కదా నాన్నా" అన్నాడు. మాంటిల్ ప్రవహిస్తుందని స్కూల్లో చెప్పారట. అంత లోతు ఎవరూ తవ్వలేదు కదా, అది ఎటు పోతోందో ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: ముందు ఆ లావా సంగతి వాడి బుర్రలోంచి తీసేయండి. పుస్తకాల్లో మాంటిల్‌కి ఎర్ర రంగు పూసి పిల్లలందర్నీ ఇలాగే కన్ఫ్యూజ్ చేస్తున్నారని నాకెప్పుడూ కోపం. మాంటిల్ అంటే మనం నిలబడ్డ పైపెంకుకీ, భూమి నడిమధ్యలోని కోర్‌కీ మధ్య ఉండే మందపాటి పొర, అది దాదాపు అంతా గట్టి రాయే. గంగోత్రి దగ్గర హిమానీనదం చూడండి, కొడితే పగిలే మంచుగడ్డే, అయినా మెల్లగా కిందికి సాగుతూనే ఉంటుంది కదా, అలాగే వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో, అంత ఒత్తిడి కింద రాయి కూడా సాగుతుంది, కాకపోతే లెక్క లక్షల ఏళ్లలో.

ఇక తవ్వకం అంటారా, రష్యా వాళ్లు కోలాలో కిందా మీదా పడి తవ్వింది 12 కిలోమీటర్ల చిల్లర, మన కింద మాంటిల్ తగలాలంటే 30 కిలోమీటర్లు దాటాలి. కాబట్టి భూకంప తరంగాలే గతి.

పై మాంటిల్‌లో ఎక్కువగా ఉండేది ఆలివిన్ అనే ఖనిజం. చిక్‌పేట నగల షాపులో పెరిడాట్ అని చూపిస్తారే, ఆ లేతాకుపచ్చ రాయి ఇదే. దీనికో గుణం ఉంది, పి తరంగం, అంటే రాయిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోయే భూకంప తరంగం, దీని స్ఫటికంలో ఒక దిక్కున సెకనుకి దాదాపు 9.9 కిలోమీటర్లు పోతే ఇంకో దిక్కున 7.7 దగ్గరే ఆగిపోతుంది. స్ఫటికాలు చిందరవందరగా ఉంటే ఈ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బయటికేమీ కనపడదు. కానీ రాయి సాగేటప్పుడు స్ఫటికం లోపలి పొరలు పేకముక్కల్లా జరుగుతూ అది మెల్లగా తిరుగుతుంది, చివరికి చాలా స్ఫటికాల వేగమైన దిక్కు దాదాపు రాయి సాగే దిక్కుకే వస్తుంది. కాలవలో గడ్డిపరకలు నీటి వాలుకి తిరిగినట్టు అని చెప్తుంటారు, వినడానికి బావుంటుంది గానీ ఇక్కడ నీళ్లూ లేవు తేలడమూ లేదు. ఇలా దిక్కుని బట్టి వేగం మారడాన్నే సైస్మిక్ అనైసోట్రొపీ అంటారు.

దీన్ని 1964లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త హ్యారీ హెస్ పట్టుకున్నాడు. పసిఫిక్ అడుగున తరంగాలు, సముద్రపు నేల విచ్చుకునే దిక్కులో వేగంగా, దానికి అడ్డంగా నెమ్మదిగా పోతున్నాయని చూశాడు.

నేల మీద పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. టోంగా దగ్గర పెద్ద భూకంపం వచ్చిందనుకోండి, అక్కడి నుంచి మన బెంగళూరుకి 12 వేల కిలోమీటర్లు. అక్కడ బయల్దేరిన ఎస్ తరంగం పోయే దారికి అడ్డంగా ఊగే రకం, ద్రవంలో పోలేదు. భూమి బయటి కోర్ ద్రవం కాబట్టి అది అందులో పి తరంగంగా మారి దాటి, ఇవతలికొచ్చి మళ్లీ ఎస్ అవుతుంది. దీన్ని ఎస్‌కేఎస్ అంటారు. కోర్ దాటేటప్పుడు పాత దారి గుర్తులు పలక తుడిచినట్టు పోతాయి, ఏ దిక్కున ఊగుతూ బయటపడుతుందో కూడా మనకి ముందే తెలుసు. పైకొచ్చేటప్పుడు అనైసోట్రొపీ ఉన్న రాయి తగిలితే తరంగం రెండుగా చీలి ఒకటి ముందు, ఒకటి వెనకా వస్తాయి. ఇరవై నిమిషాలు దాటిన ప్రయాణంలో వాటి మధ్య తేడా మామూలుగా ఒక్క సెకను అటూఇటూ, అంతే! ముందొచ్చింది ఏ దిక్కున ఊగిందో అదే వేగమైన దిక్కు, తేడా పెద్దదైతే అనైసోట్రొపీ బలమైనా ఎక్కువుండాలి, ఆ పొరైనా మందంగా ఉండాలి.

ప్రశ్న: అయితే ఇండియా ఈశాన్యంగా కదిలేది కింద మాంటిల్ అటు లాగుతున్నందుకేనా?
- ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అంత తొందర వద్దమ్మా. మన ప్లేటు, అంటే ఇండియాని మోసుకెళ్లే భూమి పై పలక, ఏడాదికి 5 సెంటీమీటర్ల లెక్కన ఈశాన్యం వైపు పోతోంది, దేశంలో చాలా స్టేషన్లలో వేగమైన దిక్కు కూడా దాదాపు అలాగే వస్తుంది, నిజమే. కానీ ఈ కొలత ఇచ్చేది గీత మాత్రమే, బాణం కాదు. ఈశాన్యానికి పోయినా నైరుతికి పోయినా గీత ఒకటే. పైగా ప్లేటు మాంటిల్‌ని ఈడుస్తోందా, మాంటిల్ ప్లేటుని ఈడుస్తోందా అన్నది ఆ ఒక్క సెకను చెప్పలేదు.

ఇంకో చిక్కుంది. ఎస్‌కేఎస్ దాదాపు నిలువుగా పైకొస్తుంది, కాబట్టి దార్లో తగిలిన పొరలన్నీ కలిపి ఒకే లెక్క ఇస్తుంది. అందులో ఇప్పుడు సాగుతున్న లోతు రాయి ఎంత, ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద సాగి చల్లారి అలాగే బిగుసుకుపోయిన పై రాయి ఎంత అన్నది విడదీయడమే పెద్ద పని. మన దక్షిణాది నేల లాంటి పాత నేలల్లో ఈ గొడవ మరీ ఎక్కువ. అందుకని భూమి పైభాగం వెంటే పోయే ఉపరితల తరంగాలు కూడా వాడతారు, వాటిలో అల పొడవు ఎక్కువున్నవి లోతుకి పోతాయి, పొట్టివి పైపైనే ఉంటాయి కాబట్టి ఏ లోతులో ఏ దిక్కో కొంత తేలుతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2001లో జంగ్, కరాటో అనే శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో చూపించిందేమిటంటే, ఆలివిన్‌లో నీరు ఎక్కువుండి దాన్ని సాగదీసే బలం కూడా గట్టిగా ఉంటే స్ఫటికాల వేగమైన దిక్కు ప్రవాహానికి అడ్డంగా తిరుగుతుంది. అంటే జపాన్ లాంటి చోట, ప్లేటు కిందికి దిగుతూ నీళ్లు మోసుకెళ్లే దగ్గర, గీతని చూసి ఇటే పోతోందని చెప్పేస్తే సరిగ్గా 90 డిగ్రీలు తప్పే ప్రమాదం ఉంది. వేళచ్చేరి కింద ప్లేటేమీ దిగట్లేదు కాబట్టి మీకా తలనొప్పి లేదు, మీ గొడవల్లా పాత రాయిదే.